చార్జి పుచ్చుకునేవాళ్లు

ల్యాప్‌టాప్ కొనడానికి షాపుకి వెళ్లినవాళ్లలో చాలామంది ఈ మాట వినే ఉంటారు: “విండోస్ వద్దనుకుంటే డాస్ మోడల్ ఉందండీ, కొంచెం తక్కువలో వస్తుంది.” తక్కువలో వస్తుందంటే మనకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. తెచ్చుకుంటాం. మీట నొక్కితే నల్లటి తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు, వాటి పక్కన మినుకుమినుకుమంటూ ఒక గీత. బొమ్మల్లేవు, మౌసు కదలదు. మర్నాడే తెలిసిన కుర్రాణ్ణి పిలిచి విండోస్ వేయించుకుంటాం. టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోల్‌ను ఎంత తేలిగ్గా పారేస్తామో ఆ డాస్‌నూ అంత తేలిగ్గా చెరిపేస్తాం.

అలా చెరిపేసేదాని పేరు చాలాసార్లు ఫ్రీడాస్. దాన్ని 1994 నుంచి ఇప్పటిదాకా ప్రపంచంలో అక్కడొకరు ఇక్కడొకరుగా ఉన్న కొద్దిమంది జీతం బత్తెం లేకుండా బతికిస్తూ వస్తున్నారు. ఈ వ్యాసం వాళ్ల గురించి. కంప్యూటర్ సార్లు రాయాల్సిన విషయం తెలుగు మేడమ్ ఎందుకు రాస్తోందని మీకు అనిపించవచ్చు. ఒక లైబ్రరీ పుణ్యమా అని నాకు ఫ్రీడాస్ పరిచయమైంది. పరిచయమయ్యాక నా ఉద్యోగానికీ వాళ్ల పనికీ దగ్గరి చుట్టరికం ఉందనిపించింది.

నా మూడో పోస్టింగ్ ఒడిశా సరిహద్దు జిల్లాలో. అక్కడ తెలుగు కొన్ని ఇళ్లలో వినిపిస్తుంది, సంతలో వినిపిస్తుంది. మా స్కూల్లో తెలుగు తీసుకున్న పిల్లలు ఏ తరగతిలోనూ డజనుకు మించరు. కానీ లైబ్రరీలో తెలుగు పుస్తకాలు రెండు పెద్ద బీరువాల నిండా ఉన్నాయి. చాలావరకు అంతకుముందు పనిచేసి వెళ్లిన ఉపాధ్యాయులు, ఊళ్లో పెద్దలు ఇచ్చినవే. వాటిలో అట్టలు ఊడినవి ఉన్నాయి, మొదటి పేజీలు లేనివి ఉన్నాయి, రచయిత పేరు ఉన్న మేర చెదలు తిన్నవి ఉన్నాయి.

ఆ ఏడు స్టాక్ వెరిఫికేషన్ వచ్చింది. ఈ పుస్తకాలను రాసుకున్న యాక్సెషన్ రిజిస్టర్ ఎప్పుడో వానకు తడిసి అట్టకట్టుకుపోయింది. రిజిస్టర్‌లో లేని పుస్తకం లెక్కలో లేనట్టే. లెక్కలో లేకపోవడం, చిరిగి ఉండడం, చదివేవాళ్లు తక్కువ కావడం, ఈ మూడూ ఒక పుస్తకానికి కలిసొస్తే దాని దారి ఎటో చెప్పక్కర్లేదు. ముందు రద్దు జాబితాలోకి, అక్కడి నుంచి పాత కాగితాల తూకానికి.

మా లైబ్రేరియన్ గారు ఒడియా ఆయన. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. బజారు తెలుగు బాగానే మాట్లాడతారు. “రిజిస్టర్ పోయింది గానీ మేడమ్, కంప్యూటర్‌లో ఉంది కదా. నేనే ఎక్కించాను. మూడేళ్లు పట్టింది,” అన్నారు. ఆయన ఎక్కించింది సీడీఎస్ ఐసిస్ అనే ప్రోగ్రాంలో. గ్రంథాలయాల కోసం యునెస్కో తయారుచేసి ఉచితంగా పంచిపెట్టిన ప్రోగ్రాం అది. మన దేశంలో నిస్సాట్ అనే ప్రభుత్వ వ్యవస్థ ద్వారా ఎన్నో గ్రంథాలయాలకు చేరింది. ఆయన దగ్గరున్నది డాస్ మీద నడిచే రకం. దాన్ని నడిపిన కంప్యూటర్ పాడైపోయి చాలా ఏళ్లయింది. ఫైళ్లను మాత్రం ఒక సీడీ మీద రాయించి, బీరువాలో తన టిఫిన్ డబ్బా పెట్టుకునే అరలో భద్రంగా దాచుకున్నారు.

ఆ సీడీని ల్యాబ్‌లో కొత్త కంప్యూటర్‌లో పెట్టి ప్రోగ్రాం తెరవబోతే, ఇది ఇక్కడ నడవదని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. కారణం మా కంప్యూటర్ సార్ చెప్పారు. డాస్ కాలంనాటి ప్రోగ్రాములు ఎక్కువగా 16 బిట్‌వి. ఇప్పుడు మనం వాడే విండోస్ 64 బిట్‌ది. అది 32 బిట్ ప్రోగ్రాములను నడుపుతుంది గానీ 16 బిట్ ప్రోగ్రాములను నడపదు. విండోస్ 11 అయితే 64 బిట్‌లో తప్ప దొరకనే దొరకదు. అంటే ఫైళ్లకు ఏ రోగమూ లేదు, సీడీకీ లేదు. తాళపత్రం చేతిలో ఉండి ఆ లిపి చదవగలిగినవాళ్లు ఊళ్లో లేనట్టయింది మా పరిస్థితి.

దారి కూడా సారే చూపించారు. మూలన పడేసిన కంప్యూటర్లలోంచి పనిచేసే భాగాలు ఏరి ఒకదాన్ని నిలబెట్టి, అందులో ఫ్రీడాస్ ఎక్కించారు. దాని గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నల్ అంటారు. అది వంద కిలోబైట్లు కూడా ఉండదు. మీరు ఫోన్‌లో పంపుకునే ‘శుభోదయం’ బొమ్మలు చాలావాటికి అంతకంటే ఎక్కువ బరువు. సీడీలోని ఫోల్డరు కాపీ చేసి, ప్రోగ్రాం పేరు టైపు చేసి ఎంటర్ కొడితే మెనూ వచ్చింది. లైబ్రేరియన్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఏ మీట నొక్కితే ఏం వస్తుందో ఆయన వేళ్లకు ఇంకా గుర్తుంది.

ఎవరు దీన్ని ఇంకా నడుపుతున్నారో తెలుసుకోవాలని నాకు అప్పుడే అనిపించింది. తెలుసుకున్నది మీకూ చెబుతాను.

డాస్ 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌తో పాటు జనంలోకి వచ్చింది. పదేళ్లకు పైగా ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, స్కూళ్లలో అదే రాజ్యమేలింది. 1994 నాటికి అమెరికాలో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు రివర్ ఫాల్స్ ప్రాంగణంలో జిమ్ హాల్ అనే భౌతికశాస్త్ర విద్యార్థి చదువుకుంటున్నాడు. ప్రయోగశాల లెక్కలు, కాలేజీ రాతపని డాస్ మీదే చేసుకునేవాడు. డాస్‌లో లేని చిన్నచిన్న పనిముట్లు తానే రాసుకునేవాడు. ఇకమీదట డాస్ విడిగా ఉండదు, అంతా విండోసే అన్న మాట మైక్రోసాఫ్ట్ వైపు నుంచి వినిపించసాగింది. మైక్రోసాఫ్ట్ విడిగా అమ్మిన డాస్‌లో చివరిదైన 6.22 వచ్చింది కూడా ఆ ఏడాదే. అతనికి తన పని డాస్‌తో హాయిగా సాగుతోంది. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు వదులుకోవాలో అర్థం కాలేదు.

అతను కంపెనీకి అర్జీ పెట్టుకోలేదు. 1994 జూన్ 29న యూజ్‌నెట్‌లో ఒక ప్రకటన పెట్టాడు. అందరికీ ఉచితంగా అందే డాస్‌ను మనమే రాసుకుందాం, ఇదిగో నేను రాసినవి, మిగతావి రాయడానికి ఎవరొస్తారు అన్నది దాని సారాంశం. మొదట దాని పేరు పీడీ-డాస్. తరువాత ఫ్రీ-డాస్ అయింది. చివరికి మధ్యలోని గీత పోయి ఫ్రీడాస్‌గా నిలిచింది.

పిలుపు విని వచ్చినవాళ్లలో పాట్ విలానీ ఒకరు. అంతకుముందే వేరే పనుల కోసం డాస్‌లా నడిచే కెర్నల్ ఒకటి రాసి పెట్టుకున్నాడాయన. దాన్ని తెచ్చి ఈ పనికి ఇచ్చేశాడు. 1996లో ఆ కెర్నల్ ఎలా పనిచేస్తుందో వివరిస్తూ ఒక పుస్తకం కూడా రాశాడు. తరువాత ఆ కెర్నల్ బాధ్యత ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతూ వచ్చింది. విలానీ 2011లో చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన కెర్నల్‌తో 2012 జనవరిలో కొత్త సంచిక విడుదలైంది.

పిల్లలూ, ఇక్కడ తేదీలు కాస్త గమనించండి. పిలుపు ఇచ్చింది 1994లో. 1.0 అని ధైర్యంగా పేరు పెట్టి విడుదల చేసింది 2006 సెప్టెంబరు 3న. మధ్యలో పన్నెండేళ్లు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల పన్నెండో తరగతి దాటేంత కాలం. 1.1 సంచిక 2012లో, 1.2 సంచిక 2016 క్రిస్మస్ రోజున, 1.3 సంచిక 2022 ఫిబ్రవరిలో, 1.4 సంచిక 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. నెలకోసారి అప్‌డేట్ రాకపోతే యాప్ చచ్చిపోయిందనుకునే రోజుల్లో వీళ్ల నడక చూస్తే ఎద్దుబండి గుర్తొస్తుంది. బండి ఆగలేదన్నదే అసలు సంగతి.

ఎందుకు ఆగలేదు? ఇష్టం వల్ల అని తేలిగ్గా చెప్పేయవచ్చు. కానీ ఇష్టం ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంకో పాత ఆపరేటింగ్ సిస్టం ఉంది. దాని పేరు ఓఎస్/2. ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కలిసి మొదలుపెట్టగా 1987లో వచ్చింది. తరువాత ఇద్దరూ విడిపోయారు, ఐబీఎం ఒక్కటే కొంతకాలం నడిపింది. ఎన్నో ఏటీఎంలు, న్యూయార్క్ మెట్రో కార్డు యంత్రాంగం దాన్ని నమ్ముకుని నడిచాయి. దాన్ని ప్రేమించినవాళ్లు తక్కువేమీ కాదు. 2006 చివరితో ఐబీఎం మద్దతు ఆపేసింది. మూలరాత మాకిస్తే మేం చూసుకుంటాం అని వాడకందార్లు సంతకాలు సేకరించి అర్జీలు పెట్టుకున్నారు. ఐబీఎం కాదంది. వ్యాపార, సాంకేతిక, చట్టపరమైన కారణాల వల్ల అలా ఇవ్వలేనంది. దాని అభిమానులు చేతులు ముడుచుకోలేదు. ఐబీఎం నుంచి లైసెన్సు తీసుకుని, పైనుంచి కొత్త పరికరాలకు కావలసినవి రాసుకుంటూ, 2017లో ఆర్కాఓఎస్ పేరుతో మళ్లీ విడుదల చేశారు. కానీ అది అద్దె ఇంటికి సున్నం వేసుకోవడం లాంటిది. పునాది తవ్వి చూసే హక్కు వాళ్లకు లేదు.

ఫ్రీడాస్ సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ డాస్‌లోని ఒక్క పంక్తి కూడా తీసుకోకుండా, అది బయటికి చేసే పనులను మాత్రమే చూసి వీళ్లు మొదటి నుంచీ సొంతంగా రాసుకున్నారు. రాసిన కెర్నల్‌ను, ముఖ్యమైన పనిముట్లను జీపీఎల్ అనే లైసెన్సు కింద పెట్టారు. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, కానీ తరువాతివాళ్లకూ అదే హక్కు ఇవ్వాలి అన్నది ఆ లైసెన్సు షరతు. అందుకే ఒకరు అలసిపోయినా, పెళ్లయి పిల్లలు పుట్టి తీరిక లేకపోయినా, చనిపోయినా, ఆ పని ఇంకొకరు అందుకోగలిగారు. ఎవరినీ అనుమతి అడగనక్కర్లేదు. తాళంచెవి గుమ్మానికే వేలాడుతోంది.

మా ఉద్యోగాల్లో దీనికి ఒక పేరుంది. చార్జి అప్పగించడం. బదిలీ ఉత్తర్వు రాగానే సామాను సర్దుకోవడం కంటే ముందు చేయాల్సింది అదే. జాబితా రాయాలి, బీరువా తాళాలివ్వాలి, మార్కుల రిజిస్టరు అప్పగించాలి, పుచ్చుకునేవాళ్లు సంతకం పెట్టాలి. మేం కష్టపడి చేసిన పనుల్లో మా తరువాత మిగిలేది, ఎవరో ఒకరు సంతకం పెట్టి పుచ్చుకున్నది మాత్రమే. నేను నా అయిదో ఊళ్లో కూర్చుని చెబుతున్న మాట ఇది.

లైబ్రరీ దగ్గరికి వస్తాను. జాబితా తెర మీదికి వచ్చింది గానీ అందులో తెలుగు లేదు. పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో అంతకంటే దారి లేదు. డాస్ తెర మీద ఒక సమయంలో చూపించగలిగే గుర్తులు 256. అందులో సగం ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, చుక్కలకు పోతాయి. ఒక్కో గుర్తుకూ ఒకే వెడల్పు గడి. గుణింతాలు, ఒత్తులు, ఒత్తు కింద ఇంకో ఒత్తు ఉండే మన రాత ఆ గడుల్లో ఎక్కడ ఇముడుతుంది? అందుకే కాన్పూర్ ఐఐటీలో మొదలై పుణేలోని సీడాక్‌లో పెరిగిన జిస్ట్ అనే సాంకేతికత వచ్చింది. కంప్యూటర్ లోపల అదనంగా ఒక కార్డు బిగిస్తే, అది తెర పనిని తాను అందుకుని తెలుగును, హిందీని, ఒడియాను చూపించేది. దానితో పాటు ఇస్కీ అనే ప్రమాణం స్థిరపడింది. భారతీయ లిపుల్లో ఒకే ధ్వనికి ఒకే సంఖ్య. తెలుగు ‘క’కూ హిందీ ‘క’కూ కోడు ఒకటే, లిపి మార్చితే అదే మాట మరో లిపిలో కనబడుతుంది. 1991లో దాన్ని భారత ప్రమాణంగా ప్రకటించారు. ఇవాళ మీ ఫోన్లలో తెలుగును చూపిస్తున్న యూనికోడ్‌లో మన లిపుల వరస ఆ ఇస్కీ నుంచి వచ్చిందే.

మా లైబ్రరీకి జిస్ట్ కార్డు లేదు. అందుకని ఆయన తెలుగు పేర్లను తనకు వినిపించినట్టు ఇంగ్లీషులో ఎక్కించారు. కే, ఏ, ఎల్, ఏ అని ఉంటే అది కలా, కళా, కాలమా? పీ, ఏ, టీ, ఏ అంటే పాటా, పాతా? ఎం, ఏ, ఎల్, ఎల్, ఐ అన్నది మల్లెతీగ మల్లా, మరొకసారి అనే మళ్లీయా? ణకారం, ళకారం, దీర్ఘాలు, ఒత్తక్షరాలు ఆ జాబితాలో ఆనవాలు లేకుండా పోయాయి. అయినా ప్రతి పేరు పక్కనా యాక్సెషన్ నంబరుంది, ఇచ్చినవాళ్ల పేరుంది, తేదీ ఉంది. తడిసిపోయిన రిజిస్టర్‌లో ఉన్నదంతా ఉంది.

తొమ్మిదో తరగతి తెలుగు పిల్లలు పదకొండు మంది. శనివారం మధ్యాహ్నాలు వాళ్లను లైబ్రరీలో కూర్చోబెట్టాను. ఒకరు తెర మీద నంబరు చదవాలి, ఒకరు బీరువాలో ఆ పుస్తకం వెతకాలి, ఒకరు అసలు పేరు తెలుగులో పలకాలి, ఒకరు రాయాలి. మొదటి పేజీ లేని పుస్తకాలను లోపలి పేజీలు చదివి పోల్చుకున్నారు. వ్యాకరణం క్లాసులో ‘ల’కూ ‘ళ’కూ తేడా ఎందుకని సాగదీసిన పిల్లలే, ఒక్క అక్షరం తేడాతో రెండు పుస్తకాలు ఒకటిగా లెక్కపడ్డాయని కనిపెట్టి నాకు చూపించారు. సీడీఎస్ ఐసిస్‌లో ఒక మంచి గుణముంది. దానిలోని జాబితాను ఐఎస్ఓ 2709 అనే అంతర్జాతీయ పద్ధతిలో బయటికి తీసివ్వగలదు. కంప్యూటర్ సార్ దాన్ని తీసి స్ప్రెడ్‌షీట్‌లోకి మార్చారు, పిల్లలు తెలుగు పేర్లు యూనికోడ్‌లో చేర్చారు. వెరిఫికేషన్ నాటికి బీరువాల్లోని పుస్తకాలన్నిటికీ ఊరూ పేరూ ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే పొడి రాలేవి తప్ప మిగిలినవన్నీ లెక్కలో నిలిచాయి.

ఆ నెలల్లో పిల్లలు డాస్‌తో ఆడుకున్నారు కూడా. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, చుక్క తరువాత మూడు దాటకూడదు అంటే, పద్యం రాయడానికి గణాలు కూర్చినట్టు పేర్లు కుదించారు. కంప్యూటర్‌లో చిన్న బ్యాటరీ చచ్చిపోయి, మీట నొక్కిన ప్రతిసారీ తేదీ 1980 అని చూపేది. డాస్ కాలమానం 1980 జనవరి 1తో మొదలవుతుంది మరి. “మేడమ్, దీనికి మనం ఇంకా పుట్టలేదు,” అని నవ్వుకునేవాళ్లు.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న వేసుకోవాలి. పాతదాన్నంతా ఇలా పట్టుకుని వేలాడాలా? ఫ్రీడాస్ వాళ్లకే ఈ ప్రశ్న ఎదురైంది. 1.3 సంచికకు ముందు దీన్ని 32 బిట్‌కు మార్చాలని, ఒకేసారి అనేక పనులు చేసేలా చేయాలని ఆలోచనలు వచ్చాయి. చివరికి వాళ్లు తీసుకున్న నిర్ణయం, డాస్ డాస్‌గానే ఉండాలని. 16 బిట్‌లోనే ఉంటుంది, ఒక మనిషి ఒక పని పద్ధతిలోనే ఉంటుంది, పాత ప్రోగ్రాములు నడవాలి, పాత యంత్రాల మీద నడవాలి. మరీ పాత కంప్యూటర్ల కోసం ఫ్లాపీల మీద వేసుకునే రకం కూడా ఇచ్చారు. ఎందుకంటే దీని దగ్గరికి వచ్చేవాళ్లు కొత్తదనం కోసం రారు. పాత ఆట ఆడుకోవడానికి, ఫ్యాక్టరీలో పాత యంత్రాన్ని నడపడానికి, మాలాగా పాత ఫైలు తెరవడానికి వస్తారు. దాన్ని కొత్తగా మార్చేస్తే వాళ్లు వెతుక్కుంటూ వచ్చింది మాయమవుతుంది.

అలాగని దాని లోపాలు దాచనక్కర్లేదు. డాస్‌లో ఒక ప్రోగ్రాం తప్పటడుగు వేస్తే మొత్తం యంత్రం ఆగిపోతుంది. దానికి పాస్‌వర్డు కాపలా లేదు. బ్యాంకు పని దాని మీద చేసుకోమని ఎవరూ చెప్పరు. పైగా అది నిలబడే నేల కూడా జారిపోతోంది. మీట నొక్కగానే కంప్యూటర్‌ను నిద్రలేపే బయోస్ అనే పాత వ్యవస్థ మీద డాస్ ఆధారపడుతుంది. దాని స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. పాత పద్ధతికి మద్దతు 2020 నాటికి తీసేస్తామని ఇంటెల్ 2017లోనే ప్రకటించింది. అలాంటి కొత్త కంప్యూటర్ల మీద ఫ్రీడాస్ నేరుగా నడవదు. నడపాలంటే ఆ కంప్యూటర్ లోపలే పాత కంప్యూటర్‌ను నటించే మరో ప్రోగ్రాం కావాలి. ఫ్రీడాస్‌ను బతికించేవాళ్లకు ఇది తెలుసు. తెలిసే ఆ పని చేస్తున్నారు.

వాళ్లందరూ గొప్ప ప్రోగ్రామర్లని అనుకోకండి. కోడు రాసేవాళ్లు కొందరు. దాన్ని తమ పాత యంత్రంలో వేసి, ఎక్కడ ఆగిందో ఓపిగ్గా రాసి పంపేవాళ్లు కొందరు. వాడే పద్ధతి వివరించే పేజీలు రాసేవాళ్లు కొందరు. తెర మీద వచ్చే మాటలను తమ భాషల్లోకి మార్చేవాళ్లు కొందరు. కొత్తగా వచ్చినవాడు నూరోసారి అదే ప్రశ్న అడిగితే విసుక్కోకుండా నూరోసారి జవాబు చెప్పేవాళ్లు కొందరు. ఈ ఆఖరివాళ్లు లేకపోతే మిగతావాళ్లకు వారసులుండరని నా నమ్మకం. టీచర్ని కాబట్టి పక్షపాతం ఉండవచ్చు. కానీ ఏ భాషైనా, ఏ విద్యైనా నిలిచేది మొదటి తప్పును చూసి నవ్వని మనిషి దగ్గరే.

మా లాంటి బళ్లలో తెలుగు తరగతి కూడా ఇలాంటిదే. పిల్లలు పదకొండు మంది, తొమ్మిది మంది, ఒక్కోసారి ఆరుగురు. ఈ పత్రికలో తెలుగుకు కేటాయించిన పేజీలు ఎన్నో మీరే లెక్కపెట్టుకోవచ్చు. ఒక ఏడాది ఎవరూ రాసివ్వకపోతే ఆ పేజీలు ఖాళీగా ఉండవు, వేరేదానితో నిండిపోతాయి. మరుసటి ఏడాది ఎవరూ అడగరు కూడా. అందుకని గొప్ప కథ కాకపోయినా సరే, ఏటా ఒకరు రాయాలి, ఒకరు అచ్చుతప్పులు దిద్దాలి, ఒకరు కింది తరగతి పిల్లతో రాయించాలి. భాషను కీర్తించే ఉపన్యాసాల కంటే ఈ చిన్న చాకిరీ ఎక్కువ పని చేస్తుంది.

నాకు బదిలీ వచ్చినప్పుడు చార్జి జాబితాలో ఆ కంప్యూటర్ లేదు. ముక్కలు ఏరి కట్టినదానికి నంబరు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని పిల్లలే ఒక నోటుబుక్కు తయారుచేశారు. మీట ఎక్కడుంది, ఏ మాట టైపు చేయాలి, తెర ఆగిపోతే ఏం చేయాలి, సీడీ నకలు ఎక్కడ దాచాం, తెలుగు పేర్ల ఫైలు ఎక్కడుంది. ఎనిమిది పేజీలు, తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి. కొత్త పుస్తకాలు వస్తే రెండుచోట్లా ఎక్కించాలని చివర్లో రాసుకున్నారు. లైబ్రేరియన్ గారు అదే ఏడాది రిటైరయ్యారు. ఆ నోటుబుక్కు మీద పుచ్చుకున్నట్టుగా సంతకం పెట్టింది ఎనిమిదో తరగతి అమ్మాయి. ఆమె మాతృభాష ఒడియా. తెలుగు ఇష్టంగా తీసుకున్న పిల్ల.

కిందటి నెల ఆ అమ్మాయి కార్డు రాసింది. ఇప్పుడు ఆమె పదో తరగతి. పరీక్షల సంగతి, హాస్టల్ సంగతి రాసి, చివర్లో ఇలా రాసింది: “మేడమ్, గడియారాల షాపులో బ్యాటరీ కొని కంప్యూటర్‌కి వేశాము. ఇప్పుడు తేదీ సరిగ్గా చూపిస్తోంది. ఏడో తరగతి వాళ్లిద్దరికి నేర్పిస్తున్నాను.” ‘నేర్పిస్తున్నాను’లో ఒత్తు సరిగ్గా పడింది.